బుడ్డన్న పారిపోలేదు

1942 ఎండాకాలంలో నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని ఒక దవాఖానకు నన్ను కాంపౌండరుగా వేశారు. డాక్టరు కింద నేను, నా కింద ఒక డ్రెస్సరు. మందులు కలపడం, కట్లు చూడడం, ఉర్దూలో రిజిస్టరు రాయడం నా పని.

చూపు మందగించి, యాభై దాటకముందే కొలువు వదిలాను. మొన్న పాత సహోద్యోగులం కలిసినప్పుడు, సూదికి భయపడి పారిపోయిన కోడేరు ఊరి రైతు అంటూ ఒకాయన బుడ్డన్న కథ చెప్పి అందరినీ నవ్వించాడు. అది పచ్చి అబద్ధం. దాన్ని మొదట రాసింది నేనే.

బుడ్డన్నకు అరవై ఏళ్లుంటాయి. కోడెలకు విత్తులు కొట్టి ఎద్దులను చేయడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. మూత్రం ఆగి ఆగి వస్తోందని వచ్చాడు. మూత్రపు సంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి డాక్టరు వేలికి గట్టిగా తగిలింది. రాచపుండేమోనని అనుమానం. పట్నం నుంచి వచ్చిన సర్జను కాళ్ల మధ్య నుంచి లావు సూది దించి చిన్న ముక్క తీశాడు. దాన్ని మందునీళ్ల సీసాలో పెట్టి పరీక్షకు హైదరాబాదు పంపాం. ఏం తీశామో, ఎందుకు తీశామో బుడ్డన్నకు ఒక్కరమూ చెప్పలేదు. రైతుకు చెప్తే ఏం తెలుస్తుందన్నది మా దవాఖాన ధోరణి. ఆ చోట చేసే పనుల్లో అతనికి తెలిసింది విత్తులు కొట్టడం ఒక్కటేనని ఎవరికీ తోచలేదు.

పది రోజులకు వచ్చాడు. వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు. నా బల్ల మీదికి వంగి మెల్లగా అడిగాడు.

“సాబ్, జర నిజం చెప్పు. నన్ను గూడ కోడెను కొట్టినట్టు కొట్టిండ్రా ఏంది?”

నేను గొంతు తగ్గించలేదు. “ఎన్ని కోడెల ఉసురు పోసుకున్నవే బుడ్డన్నా! ఇగ నీ వంతు గూడ వచ్చింది.”

వరండా ఘొల్లుమంది. “కాడి కట్టుడే తరువాయి, మామా!” అని వాళ్ల ఊరివాడే ఒకడు అందుకున్నాడు. బుడ్డన్న కూడా కొంచెం నవ్వాడు. తువ్వాల భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నెలకు ఫలితం వచ్చింది. రాచపుండు కాదు. కోడేరుకు ఒక చీటీ పంపితే సరిపోయేది. పంపలేదు. గడువు దాటాక అతని పేరుకెదురుగా ‘ఫరారీ’, అంటే పారిపోయాడని రాశాను.

వానలు పడ్డాక అతని భార్య ఆశమ్మ వచ్చింది. సూది పడ్డ వారానికి వీర్యంలో నెత్తురు చూసి, తన పని అయిపోయిందనుకున్నాడట. ఆ రోజు నా దగ్గరికి వచ్చింది అది అడగడానికే. కొన్ని వారాలు అలా కనబడడం మామూలేనని నాకు తెలుసు. ఇప్పుడు ఆమె పక్కన కూర్చోడట. కోడెలను పట్టడానికి పిలిస్తే పోడట. ఊళ్లో “ఎద్దు తాత” అంటున్నారట.

రోగం లేదని, మగతనం ఎక్కడికీ పోలేదని చెప్పాను. ఆమె మొహం ఇంకా ఎర్రబడింది.

“మీరు నవ్వింది కోడేరు దాంక ఇనబడ్డది గద సాబ్. గీ మాట నా చెవుల చెప్తే ఏమొస్తది? వచ్చి గట్లనే మొత్తుకో.”

వెళ్లలేదు. కాంపౌండరు ఊళ్లు తిరగడమేమిటని డాక్టరు అన్నాడు. నాకు ఆ సాకు చాలింది. బుడ్డన్న చనిపోయేదాకా మళ్లీ కోడెను ముట్టలేదని తర్వాత విన్నాను.

ముక్క తీసే ముందు మనిషికి ఎందుకు తీస్తున్నామో చెప్పాలి. నెత్తురు కనబడుతుందని, మగతనం పోదని చెప్పాలి. తలుపు వేసి చెప్పాలి. ‘ఫరారీ’ అని రాసినంత సేపు కూడా పట్టదు. తర్వాత పనిచేసిన ప్రతి చోటా, డాక్టర్లు విసుక్కున్నా, నేను చెప్పాను. ఆ పాత రిజిస్టరు ఎవరి చేతికైనా వస్తే ఆ గడిలో ఇలా దిద్దుకోవాలి: రోగి పారిపోలేదు, కాంపౌండరు వెళ్లగొట్టాడు.