చెవి అందిన రోజు

మునిమనవరాలిని బడిలో చేర్చాలని మావాళ్లు పుట్టిన తేదీ కాగితం కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. నాకు నవ్వొచ్చింది. నిజాం రాజ్యం పోయిన కొత్తలో, మా సూర్యాపేటలో ఆ కాగితం మన చెయ్యే, గుర్తుందా? నెత్తి మీదుగా అటువైపు చెవి అందితేనే బడి!

నాకు రోజూ అంగుళం తక్కువయ్యేది. నాయనమ్మ చేతికి ఆముదం రాసి, "జర సాగు బిడ్డా" అంటూ గుంజేది. ఆఖరికి ఒకరోజు అందింది! మర్నాడే అమ్మ నన్ను ముస్తాబు చేసింది. కొత్త లంగా, నల్ల పలక, నడినెత్తిన నిటారుగా పిలక, దాని చుట్టూ మల్లెపూల దండ.

నాయనమ్మ బడికి తోలుకపోయింది. పంతులు ముందు చెయ్యెత్తాను. అందలేదు.

"వచ్చే యేడు తోలుకరా అవ్వా" అన్నాడాయన. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "చెయ్యి పొట్టిగ లేదయ్యా, గీ పిలక అడ్డమొచ్చింది!" అంటూ పూలు పీకి, పిలక విప్పి, జుట్టు అదిమింది. "ఇప్పుడు పట్టు!"

పట్టాను. "ఇగ చెవి ఇడిసి లోపలికి పో" అని పంతులు అనేదాకా వదల్లేదు.

ఇదంతా మునిమనవరాలికి చెబుతూ ఇందాక మళ్లీ చెయ్యెత్తితే భుజం మొరాయించింది. పిల్ల నా మోచెయ్యి పట్టి నెట్టింది. "జర సాగు తాతమ్మా!"

నాకు అందింది. మరి మీకు?