ఆపేసిన టెస్టు, పగిలిన ట్యాబు

మా కాఫీ పళ్ల సేకరణ యాప్‌ని పరీక్షించే స్క్రిప్టులు నేనే రాస్తాను. సిగ్నల్ లేకపోయినా రైతు వరుస నంబరు యాప్‌లో నిలవాలన్న టెస్టు ఫెయిలవుతోందని, సిటీలో ఉన్న మా సీనియర్ నిన్న ఆ టెస్టునే ఆపేసి కొత్త యాప్ వదిలాడు.

ఈ రోజు అరకు పైన కొండ మీది సేకరణ కేంద్రంలో ట్యాబు పట్టుకుని నేనే కూర్చున్నాను. పొద్దున్నుంచి వరుసలో ఉన్న పెద్దమ్మ నంబరు మాయమైంది. ఈ రోజే తొక్క తీయకపోతే ఆమె పళ్లు పులిసిపోతాయి.

"నా నంబరేటయిపోనాదిరా గుంటడా?"

"సిగ్నల్ పోయింది పెద్దమ్మా."

"ఇక్కడెప్పుడున్నాదిరా సిగ్నలు?"

పెద్దమ్మ రాయి తీసి ట్యాబు పగలగొట్టింది. రెండో దెబ్బ నేను వేశాను. ఆమె పళ్లు ముందు తొక్క తీసే మిషన్‌లో పోయించి, సిగ్నల్ అందే మలుపు దాకా దిగి ల్యాప్‌టాప్‌లో టెస్టు మళ్లీ పెట్టాను.

"నీ టెస్టు వల్ల కొత్త యాప్ బిల్డ్ ఆగిపోయింది, వెంటనే తీసెయ్" అని సీనియర్ మెసేజ్. రాయి ఫొటో పంపాను. రేపు తనే కొండెక్కి వస్తాడట. రాయి బల్ల మీదే ఉంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?