చింతపండుతో తోమిన పతకం

మా చిన్నప్పుడు రాకెట్ లేచే రోజున అమ్మ పొయ్యి మీద ఎసరు కూడా పెట్టేది కాదు... అది క్షేమంగా పైకి పోయేదాకా ఇంట్లో ఎవరికీ ఆకలి వెయ్యకూడదంతే! అటకమీద గిన్నెలు గలగలమంటే చాలు, అందరం పెరట్లోకి పరిగెత్తేవాళ్లం.

మాది నెల్లూరు వైపు, సముద్రం పక్క ఊరు. రాకెట్లు ఎగిరే చోటుకి దగ్గర. అక్కడి కాలనీలో ఒక పెద్ద సార్ ఇంట్లో అమ్మ వంటపని, అంట్లపని చేసేది. బడి లేని రోజు నేనూ వెంట వెళ్లేదాన్ని. సార్ అంత పెద్ద ఆఫీసరా... నన్ను చూస్తే మాత్రం "ఏమ్మా, ఎక్కాలు వచ్చాయా?" అనేవారు. రాలేదని తెలిసే అడిగేవారు!

ఒక ఏడాది ఆ సార్‌కి ఢిల్లీలో ప్రభుత్వం వాళ్లు పతకం ఇచ్చారు. రాకెట్ పనిని ముందుండి నడిపించినందుకట. తిరిగొచ్చాక ఆయన ఒక మాటన్నారు... ఆదివారం సాయంత్రం ఇంటి దగ్గర టీ, వాచ్‌మన్ నుంచి క్యాంటీన్ వాళ్లదాకా అందరూ రావాలి, పతకాన్ని ఒక్కొక్కరూ చేత్తో పట్టుకోవాలి. "ఇది నా ఒక్కడిదీ కాదు" అన్నారు. మా అమ్మనీ పేరు పెట్టి పిలిచారు, తన చేత్తోనే ఇస్తానన్నారు.

ఆ వారమంతా అమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. పెళ్లినాటి చీర పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది.

శనివారం అమ్మ వంటింట్లో ఉంది. హాల్లో బల్ల మీద పతకం డబ్బా... మూత తీశాను. నా కళ్లకి అది కొంచెం మసగ్గా కనిపించింది. రేపు అమ్మ పట్టుకునేటప్పుడు ధగధగలాడాలి కదా! మా ఇంట్లో దేవుడి గిన్నెలు దేనితో మెరుస్తాయి? చింతపండు, ఇటుక పొడి. సార్ వాళ్ల పెరట్లో కూర్చుని కొబ్బరిపీచుతో రుద్దాను. రుద్దేకొద్దీ పసుపు పోయి తెల్లబడింది. మురికి పోతోందనుకుని ఇంకా రుద్దాను... పోయేది బంగారు పూత అని నాకేం తెలుసు!

సార్ భార్యని మేం అమ్మగారు అనేవాళ్లం. ఆవిడ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఎవరు చేశారీ పని?"

అమ్మ నా చేతుల వంక చూసింది. గోళ్ల సందుల్లో ఇటుక పొడి. చప్పున నన్ను కొంగు వెనక్కి లాగేసింది. "నేనేనమ్మా... దేవుడి సామాన్లతో పాటు తోమేస్తిని. తెలీక చేస్తిని" అంది.

నేను నోరు తెరవలేదు. సార్ పతకాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు, మళ్లీ డబ్బాలో పెట్టేశారు. అమ్మగారు మాత్రం "రేపట్నుంచి పనిలోకి రావద్దు" అనేశారు.

ఆదివారం కాలనీ అంతా ఆ పతకాన్ని పట్టుకుంది. మా అమ్మ చీర మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

ఇప్పుడు నేను ఖతార్‌లో ఉన్నాను... ఉమ్ ఘువైలినాలో ఒక ఇంట్లో పని. మేడమ్ హాల్లో అద్దాల బీరువా నిండా షీల్డులే. చేరిన రోజే "మాఫీ మాయ్!" అని వేలు చూపించింది, నీళ్లు తగలకూడదని. నాకా చెప్పేది! పొడిగుడ్డతో కూడా రుద్దను, పైపైన అద్దుతానంతే.

మొన్న కాలనీ పాతవాళ్ల గ్రూపులో సార్ చిన్నకూతురు ఆ పతకం ఫొటో పెట్టింది. "నాన్న పతకం. పాతబడి వెలిసిపోయింది" అని రాసింది. అప్పటికి తను ఒళ్లో పిల్ల, ఏం జరిగిందో తెలీదు.

అమ్మకి ఫోన్ చేశాను. "ఎప్పుడో అయిపోయిన మాట, ఇప్పుడెందుకుమే?" అంది. నాకు అయిపోలేదు. సార్ కూతురికి జరిగిందంతా రాశాను. మంచి పిల్ల... "నాన్నకే చెప్పక్కా" అంది. కాకపోతే ఆయనకి ఇప్పుడు మనుషులు గుర్తుండటం లేదని కూడా చెప్పింది.

శుక్రవారం సెలవు. అల్ ముంతజాలో స్నేహితురాలి గదికి వెళ్లి వీడియో కాల్ చేశాను. సార్ ఎంత చిక్కిపోయారో! "సార్, తోమింది మా అమ్మ కాదు... నేను" అన్నాను. ఇన్నేళ్లకి అన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

కూతురు పతకాన్ని ఆయన చేతిలో పెట్టింది. అటూ ఇటూ తిప్పి "ఎవరిదమ్మా ఇది?" అన్నారు.

"మీదే నాన్నా."

"నా ఒక్కడిదీ కాదే..." దాన్ని కూతురి వైపు చాపారు. "అందరూ పట్టుకున్నారా?"

ఫోన్ దగ్గరికి జరుపుకున్నాను. "మా అమ్మ పట్టుకోలేదు సార్" అనేసరికి ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

పతకం తీసుకుని మా ఊరు వెళ్లి అమ్మకి చూపిస్తానంది ఆ పిల్ల. అమ్మే ఒప్పుకోలేదు. "ఆయన చేత్తో ఇస్తానన్నాడు. ఆయనే నన్ను ఎరగనప్పుడు ఇంకెందుకుమే..." అంది. ఇక్కడ దోహాలో కూర్చుని నేనేం చెయ్యను? ఏం చెయ్యగలను?

ఇప్పుడు రాకెట్ లేస్తే డ్యూటీ మధ్యలో ఫోన్‌లోనే చూసేస్తున్నాను. అటకమీద గిన్నెల చప్పుడు లేదు, ఎసరు ఆపేవాళ్లూ లేరు... మీ తప్పు కూడా మీ అమ్మ ఎప్పుడో తన మీద వేసుకునే ఉంటుంది. ఉంటే ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ ముందు, వినాల్సిన మనిషికి చెప్పండి... ఆ మనిషి మిమ్మల్ని గుర్తుపట్టే రోజుల్లోనే.