తిత్తి లేని పెట్టె

మా ఆయన పేరు బ్రహ్మయ్య. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి హార్మోనియం పెట్టె వాయించేవారు. రాగం మధ్యలో నటుడు ఊపిరి తీసుకుంటే, ఆ ఖాళీ జనానికి తెలీకుండా పెట్టెతో నింపేవారు. అమెరికాలో, అరోరా ఊళ్ళో మా అమ్మాయి శాంతి దగ్గరికి వచ్చాక కూడా పొద్దున్నే పెట్టె ముందు కూర్చునేవారు. శాంతి ఆఫీస్‌కి తయారవుతూ వంటింట్లోంచి గొంతు కలిపేది.

కిందటేడు శాంతి పోయింది. ఆయన మళ్ళీ పెట్టె తెరవలేదు. అన్నం కెలికి లేచిపోతారు. కూతురి వెనకే ఈయన కూడా పోతారేమోనని నా భయం. ఒక్క పాట వాయిస్తే మళ్ళీ మనిషవుతారని నా ఆశ.

శాంతి కూతురు దియ కాలేజీలో చదువుతోంది. "అమ్మమ్మా, ఫేమస్ కంపోజర్ ఒకాయన ఇల్లు మ్యూజియం చేశారు. అక్కడ పియానో ఎవరైనా ప్లే చేయొచ్చు. తాతయ్యని తీస్కెళ్దాం" అంది.

ఆ ఇంటి గుమ్మంలోనే ఆయన చెప్పులు విప్పేశారు.

"తాతయ్యా, షూస్ తియ్యక్కర్లేదు."

"పాటలు పుట్టిన ఇల్లమ్మా" అన్నారు. వారం రోజుల్లో ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పెద్దమనిషి మంచం, కళ్ళజోడు, రాసుకున్న బల్ల తాడు కట్టి అవతల ఉంచారు. ముందుగదిలో పియానో మాత్రం వచ్చినవాళ్ళ కోసం. అక్కడుండే తెల్లజుట్టావిడ కూర్చోమని చూపించింది.

ఆయన కుడిచెయ్యి పియానో మెట్ల మీద పెట్టారు. ఎడమచెయ్యి దానంతటది పక్కకి పోయి హార్మోనియంకి గాలి కొట్టినట్టే, లేని తిత్తిని కొట్టడం మొదలెట్టింది. దియ నవ్వింది.

"దీనికి గాలి అక్కర్లేదు తాతయ్యా. జస్ట్ ప్రెస్ చెయ్."

నొక్కారు. ఖంగుమంది. వేలు తియ్యకుండా పట్టుకునే ఉన్నారు. శబ్దం సన్నబడి సన్నబడి పోయింది. ఎడమచెయ్యి గబగబా ఊపారు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ పోయింది.

"నిలవట్లేదే" అన్నారు నావంక చూసి. "వదలకుండా పట్టుకున్నా పోతోందే."

"అది అంతేనేమోనండీ. ఇంకో మెట్టు నొక్కండి."

"దీన్ని పోనిచ్చి ఇంకోటా?"

వెనక జనం వంతు కోసం నిలబడ్డారు. ఆయన అదే మెట్టు నొక్కుతూనే ఉన్నారు. నేనూ దియా చెరో రెక్క పట్టుకుని లేపాం.

కార్‌లో కళ్ళు మూసుకునే అన్నారు, "ఇంట్లో పెట్టె ఎవరికైనా ఇచ్చెయ్యవే. నాకిక ఓపిక లేదు."

ఎప్పటికైనా దాని మూత తీస్తారనే ఇన్నాళ్ళూ నేను లేచి తిరుగుతున్నాను.