ఆతే పన్సిట్‌కి మా జంతికల గొట్టం

ఆ రోజుల్లో లోకంలోని వంటలన్నీ నాకు రెండే రకాలు: మా అమ్మ చేసేవి, మనుషులు తినకూడనివి. పాలకొల్లు దాటి ఎక్కడా అన్నం తినని నేను నర్సు ఉద్యోగానికని సౌదీలోని అభా కొండల మీదికి వచ్చిపడ్డాను. హాస్టల్లో నా గదిలో మరో మంచం ఫిలిప్పీన్స్ నర్సుది. ఆవిడను అందరూ ఆతే అనేవారు, అంటే వాళ్ళ భాషలో అక్క. మా వార్డుకి ఆవిడే పెద్ద. ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, చేతికొచ్చేదాకా నేను గుబులుగా తిరుగుతుంటే, అరబ్బీలో ‘నొప్పి ఎక్కడ’ అని అడగడం దగ్గర్నుంచి డాక్టర్ల కోపాన్ని ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పంపేయడం దాకా అన్నీ నేర్పింది. ఏడుపొచ్చినప్పుడు మాత్రం ఏమీ నేర్పేది కాదు, గిన్నె తెచ్చి ముందు పెట్టేది.

ఆ గిన్నెలతోనే నా పట్టుదల సడలింది. మొదటిది అడోబో. వెనిగర్‌లో, సోయా సాస్‌లో, బోలెడు వెల్లుల్లితో ఉడికించిన కోడి. (వెనిగర్ అన్నది మా ఇంట్లో ఎన్నడూ కొనలేదు. పులుపు కావాలంటే చింతపండు ఉండగా సీసాలెందుకని అమ్మ వాదన.) తర్వాత సినిగాంగ్. అది అచ్చంగా మా రొయ్యల పులుసే, కాకపోతే వండినావిడ కారం వేయడం మర్చిపోయి ఊరెళ్ళిపోయినట్టు ఉంటుంది. ఆతే అటు తిరగ్గానే నా కంచంలో ఇంత కారం కలుపుకునేదాన్ని. ఆవిడకి తెలుసు. కావాలనే అటు తిరిగేది. తినేటప్పుడు గుమ్మం ముందు ఎవరు కనిపించినా సరే, “కాయిన్ తాయో, రండి తిందాం” అని పిలిచేది. లిఫ్టు బాగుచేయడానికి వచ్చినతనికి కూడా ఆ పిలుపు తప్పలేదు.

అలాంటి మనిషి ఒక వారం చప్పబడిపోయింది. గర్భసంచి తీయాలన్నారు, వచ్చే వారమే ఆపరేషన్. ఈలోగా ఆవిడ పుట్టినరోజు పడింది. వండటం మానేసి బ్రెడ్డు తింటోంది. ఆతే బ్రెడ్డు తినడం చూసి నేను ఊరుకోలేకపోయాను. పుట్టినరోజున వాళ్ళు పన్సిట్ అనే సన్న నూడుల్స్ చేసుకుంటారని తెలిసి, మార్కెట్ బస్సులో వెళ్ళి పాకెట్టు తెచ్చాను. ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి వేడివేడిగా ముందు పెట్టాలని నా ఆశ.

కూరగాయలు తరిగి, పాకెట్టు విప్పాను. తెల్లగా, సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. సేమ్యా ఉప్మాకి మా అమ్మ ఏం చేస్తుందో నా చేతులకి తెలుసు కదా, నన్ను అడగలేదు. పటపటా విరిచేశాయి. పెద్ద ముక్కలు కనిపిస్తే మళ్ళీ విరిచాయి. ఎంత సమానంగా వచ్చాయో అని మురిసిపోతూ వేయిస్తున్నాను కూడా.

అప్పుడే మా హాస్టల్లో అందరికన్నా చిన్నదైన ఫిలిప్పీన్స్ నర్సు వంటింట్లోకి వచ్చింది. మేం చిట్టి అనేవాళ్ళం. మూకుడులోకి తొంగిచూసి సిలువ గీసుకుంది.

“అక్కా, పుట్టినరోజు నూడుల్స్ విరిచావా? అవి ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత. వాటిని కత్తితో కూడా తాకరు” అంది. తర్వాత మెల్లిగా, “వచ్చే వారం ఆవిడకి ఆపరేషన్” అని గుర్తుచేసింది, నాకేదో తెలియనట్టు.

గబుక్కున పొయ్యి కట్టేశాను. పక్క గది కాకినాడక్క గరిట పుచ్చుకుని వచ్చింది. విషయం విని, “నీ చేతులు పడ! ఆవిడ ఆయుష్షుని ఉప్మా రవ్వ చేసేశావు కదే” అంది. ఇంకో పాకెట్టు తెద్దామంటే మార్కెట్ బస్సు మళ్ళీ వారానికి గానీ లేదు. ఆతే వచ్చే వేళవుతోంది.

ఏం తోచక అల్మారా వెతుకుతుంటే అడుగున ఇత్తడి జంతికల గొట్టం తగిలింది. (వద్దన్నా అమ్మ పెట్టెలో కుక్కింది. విమానాశ్రయంలో తనిఖీ ఆయన దాన్ని అటూఇటూ తిప్పి, నన్ను ఎగాదిగా చూసి, జాలిపడి వదిలేశాడు.) దాంతోపాటు బియ్యప్పిండీ ఉంది. వాళ్ళ నూడుల్స్ కూడా బియ్యంతో చేసినవే కదా అని కాకినాడక్కకి చెప్పాను.

“పిండి ఉక్కబెట్టు. సన్నకారప్పూస బిళ్ళ వెయ్యి” అని ఆవిడ కొంగు దోపింది.

నూనె రాసిన పళ్ళెం నేను తిప్పుతుంటే ఆవిడ గొట్టం నొక్కింది. “మధ్యలో ఆపకండక్కా” అని నేను, “నువ్వు మాట్లాడకే, పళ్ళెం సరిగ్గా తిప్పు” అని ఆవిడ. చిట్టి పక్కన నిలబడి ప్రార్థన చేస్తోంది. ఒకచోట తెగింది. కాకినాడక్క వేలు తడిపి అతికించి, “దేవుడు అతుకులు చూడడులే” అంది. ఆవిరి మీద ఉడికించి కూరగాయల్లో కలిపేసరికి తలుపు చప్పుడైంది.

ఆతే పళ్ళెంలోకి వంగి చూసింది. “ఇదేం పన్సిట్?”

“ఆంధ్రా పన్సిట్” అన్నాను.

ఫోర్కుతో ఒక కొస పట్టుకుని ఎత్తింది. వస్తూనే ఉంది. లేచి నిలబడింది, ఇంకా వస్తోంది. కుర్చీ ఎక్కింది. అప్పుడు చిట్టి ఉండబట్టలేక, అతుకు సంగతి తప్ప మొత్తం కథ చెప్పేసింది. ఆతే కుర్చీ మీదే పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “ఇన్నేళ్ళు ఎంతమందినో థియేటర్లోకి తోసుకెళ్ళాను. నా వంతు వస్తే ఇంత భయమేస్తుందని తెలీదమ్మా” అంది. ఆ మాట పైకి అనలేకే వారం నుంచి బ్రెడ్డు తిందని నాకప్పుడు అర్థమైంది. పొడుగుదంతా కొరక్కుండా లోపలికి లాగేసుకుని, మూకుడు కూడా తెమ్మంది.

“పొడుగుది ఆయుష్షుకి. విరిగింది ఆకలికి” అని రెండూ ఊడ్చేసింది.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని, “ఎక్కడా తెగలేదు కదా?” అని అడిగింది. నేను కాకినాడక్క వైపు చూశాను. ఆవిడ సీలింగు వైపు చూస్తూ, “ఒకటే తీగ” అంది. నాలుగో రోజుకల్లా ఆతే మంచం మీంచే అందరినీ తిండికి పిలవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆవిడ వాళ్ళ ఊళ్ళో మనవల్ని ఆడిస్తోంది. నేనింకా ఇక్కడే ఉన్నాను, కొత్తగా వచ్చిన పిల్లలకి నేనే అక్కని. మొన్న నా పుట్టినరోజుకి నరసాపురం అమ్మాయి ఒకతి పాయసం చేస్తానని సేమ్యా పాకెట్టు విప్పి, రెండు చేతులా పట్టుకుంది. చటుక్కున లాక్కున్నాను.

“విరవకపోతే స్పూన్‌తో ఎలా తింటామండీ?” అంది ఆ అమ్మాయి బిత్తరపోయి.

“నిలబడి తింటాం” అన్నాను. ఫోనులో వీడియో కాల్‌లో ఆతే చూస్తోంది. అది చాలదన్నట్టు, ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, నేను కుర్చీ కూడా ఎక్కాను.