గండికోటకు బయలుదేరిన సంచి

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా ఇంట్లో ప్రయాణమంటే, మనుషుల కంటే ముందు సంచి బయలుదేరేది. మంచి ఘడియ ఒక రోజు, రైలు ఇంకో రోజు అయితే, ఆ ఘడియకు బట్టల సంచి తీసుకెళ్ళి పొరుగింట్లో పెట్టేవారు. దాన్ని ప్రస్థానం అనేవారు. సంచి గడప దాటిందంటే మనమూ దాటినట్టే. రైలెక్కే రోజున దాన్ని అందుకుని అటు నుంచి అటే పోవాలి. ప్రయాణం మానుకుంటే తప్ప వెనక్కి తేకూడదు.

మా తాతయ్యది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ స్థిరపడినా, పంచాంగం చూడకుండా నారాయణగూడ దాకా కూడా వెళ్ళేవాడు కాదు. మా నాయనమ్మ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. అలాంటిది ఒకసారి ఎవరింట్లోనో క్యాలెండర్‌లో గండికోట బొమ్మ చూసింది. ఎర్రటి కొండను నిలువునా చీల్చుకుని వెళ్తున్న పెన్న, చుట్టూ ఎండిన నేల. "మొక్కు తీర్చుకోవడానికి కాకుండా, ఊరికే చూడ్డానికి ఒక్క చోటికి తీసుకెళ్ళండి" అంది తాతయ్యతో. రాళ్ళు చూడ్డానికి అంత దూరమా అని నవ్వినా, ఆయన సరేనన్నాడు. అనడం వరకే. ఒక రోజు వర్జ్యం అడ్డం వచ్చేది, ఒక రోజు ఎవరో తుమ్మేవారు, మరో రోజు ఎండలు ముదిరాయనేవాడు.

ఇదంతా చూసి చూసి పక్కింటి అక్కకు విసుగొచ్చింది. ఆమె చెల్లెలి కాపురం గండికోటకు దగ్గర్లోని జమ్మలమడుగులో. "పెద్దనాయనా, గింత పరేషాన్ ఎందుకు? మంచి గడియల సంచి నా ఇంట్ల పెట్టుర్రి, ఇగ వీలైన దినం పోర్రి. ఆడ మా చెల్లె ఇంట్ల దిగుర్రి. ఎండ కొడితే పండుకోర్రి, జర మబ్బు పడితే పోయి చూసి రార్రి. తొందరేముంది?" అంది.

తాతయ్యకు ఆ మాట భలే నచ్చింది. ఆ దశమి నాడు సంచి మోసింది నేనే. అందులో నాయనమ్మ తనకున్న ఒక్కగానొక్క మంచి నేతచీర పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆవిడ ముఖం చూడాలి, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నంత కళగా ఉంది.

కానీ తాతయ్య అప్పటి నుంచి మరీ నిమ్మళమైపోయాడు. ఎవరు కదిపినా "ఏముంది, బయలుదేరినట్టే కదా" అనేవాడు. ఆయన మనసులో ప్రయాణం సగం అయిపోయింది కాబోలు. వానలు పోనీ అన్నాడు, చలి తగ్గనీ అన్నాడు. నాయనమ్మ పాలలోకి తోడు కావాలనే వంకతో పక్కింటికెళ్ళి, మూలనున్న సంచిని ఒకసారి తడిమి వచ్చేది. ఇంట్లో తోడు ఉన్న రోజు కూడా వెళ్ళేది.

చివరికి అశోక్‌నగర్‌లో మా బంధువుల పెళ్ళి వచ్చింది. ఆ పొద్దున నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళి సంచి తీసుకుంది. అక్క నిలువునా నీరుగారిపోయింది. "అయ్యో, వాపస్ తీస్కపోవద్దు గద! నేనే లేనిపోని ఉపాయం జెప్పి ఆగం జేసిన" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీ తప్పేం లేదమ్మా. సంచి బయలుదేరింది. మేమే బయలుదేరలేదు" అంది నాయనమ్మ. అని, చీర తెచ్చి కట్టుకుని పెళ్ళికి వచ్చింది. వచ్చే నెల తప్పకుండా వెళ్దామని తాతయ్య దారి పొడుగునా బతిమాలాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ముందు నడిచింది. మళ్ళీ గండికోట పేరెత్తలేదు.

కొన్నేళ్ళకు ఆవిడ చూపు పోయింది. అప్పుడు తాతయ్య ఏ ఘడియా చూడకుండా రైలు టికెట్లు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని తడిమి, "ఇప్పుడు వెళ్ళి ఏం చూడనండీ?" అంది. అంత పెద్దమనిషి గోడకేసి తిరిగి ఏడ్చాడు.

మొన్న మా మనవరాలు ఫోన్‌లో గండికోట చూపించి, నన్నూ రమ్మంది. జమ్మలమడుగులో గది తీసుకుంటుందట, ఎండను బట్టి, నా ఓపికను బట్టి లోయ దగ్గరికి వెళ్దామంది. "అన్నీ మన ఇష్టం అమ్మమ్మా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు."

ఆ మాటకు నా ఒళ్ళు మండింది. అక్కడికి చేరాక నీ ఇష్టమొచ్చినట్టు తిరుగు, ఇక్కణ్ణుంచి కదిలే రోజు మాత్రం ఇప్పుడే చెప్పమని గట్టిగా అన్నాను. పిల్ల బిత్తరపోయి శుక్రవారం అంది.

ఆ రోజు ఘడియ మంచిదో కాదో నేను చూడలేదు. సంచి ఎవరింట్లోనూ పెట్టలేదు. శుక్రవారం తెల్లవారగానే దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. అందులో నాయనమ్మ నేతచీర ఉంది.