మామతో చూసిన జపాన్ సీరియల్

మా వీధిలో మగ్గం చప్పుడు ఆగితే పక్కింటివాళ్లు కూడా తల బయటపెట్టి ఏమైందని అడుగుతారు. అందుకే ఆ సీరియల్ చూసినన్నాళ్లూ నా ప్రాణం నా చేతిలో లేదు. నేను ఫోన్ పట్టుకుని మగ్గం పక్కన కూర్చునేదాన్ని, మామ నేస్తూ చూసేవాడు. మంచి ఘట్టం వస్తే చాలు, చేతులు ఆగిపోయేవి. వెంటనే లోపల్నుంచి అవ్వ, “ఏమప్పా, నిద్రపోతాండావా?” అని కేకేసేది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. అవ్వతో కలిసి మా పక్కింట్లోనే ఉంటాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. ధర్మవరంలో మావాళ్ల ఇళ్లలో అక్కకు కూతురుంటే తమ్ముడికి వేరే పిల్లను వెతకరు. నేను పుట్టినప్పుడు, నీ పెళ్లాం పుట్టిందిరా అని మామ చేతనే చక్కెర పంచిపెట్టించారట. నా డిగ్రీ అయిపోయింది కాబట్టి ఇక ఈ ఏడే పెళ్లని అందరూ ఖాయం చేసుకున్నారు. మా ఇద్దర్నీ మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ సీరియల్ గురించి నాకు కాలేజీలో నా స్నేహితురాలు చెప్పింది. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. ఒకాయన రైల్వే స్టేషన్లో ఉద్యోగి, ఇంకొకాయన స్టేషన్ ఎదురుగా రొట్టెలు కాల్చే దుకాణంలో పనిచేస్తాడు. కొట్లాటల్లేవు, విలన్ లేడు. ఆయన ఈయనకు ఒక వేడి రొట్టె ఇవ్వడానికి ఒక భాగమంతా పడుతుంది. మన సీరియళ్లలో ఆపాటికి ఇద్దరు కోడళ్లు విషం తాగి బతికి లేచి కూర్చుంటారు! నాకు మాత్రం ఆ నిదానమే నచ్చింది. చెయ్యి పట్టుకోవాలన్నా వాళ్లు “పట్టుకోవచ్చా?” అని అడుగుతారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో నాకే తెలీదు. పైగా అక్కడ ఎప్పుడు చూసినా వాన. ఒకసారి అవ్వ నా భుజం మీదుగా తొంగిచూసి, “యాడే ఇంత వాన పడతాండేది? ఆ పిల్లోళ్లిద్దరికీ ఒకే గొడుగా, పాపం” అనేసి వెళ్లిపోయింది. మేమిద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

మామ ఏడో తరగతితో చదువు మానేశాడు. తెర కింద వచ్చే ఇంగ్లీషును నేనే తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో ఒక్కదాన్నే చూడటం విసుగనిపించి తోడుకు పిలిచానంతే. తర్వాత రెండు రోజులు నేను వెళ్లకపోయేసరికి మామే మా ఇంటికొచ్చి, అమ్మకు వినపడకుండా, “ఏం పిల్లా, ఆ రొట్టెలాయప్ప మనసులో మాట చెప్పినాడా లేదా?” అని అడిగాడు.

చివరి భాగం మొదలుపెట్టబోతుంటే మామ నాకేసి చూడకుండా అన్నాడు: “కడాకు ఇద్దరూ ఒకటైతారా? విడిపోయేట్లుంటే ముందే చెప్పు, నేను చూడను.”

“సీరియలే కదా మామా, ఇప్పుడేమాయ?” అని నవ్వాను.

“అట్ల బతికేవాళ్లు నిజంగా ఉంటారంటావా? ఇంట్లోవాళ్లు చంపకుండా?”

మామ అడిగింది సీరియల్ గురించి కాదు, తన గురించేనని నాకప్పుడు అర్థమైంది. ఇంక అడగాల్సిందేమీ మిగల్లేదు. “ఉంటారు మామా” అన్నాను. అంతలో అవ్వ అరిచింది, మామ మళ్లీ నేతలో పడ్డాడు.

ఆ రోజునుంచి నాకు అన్నం సయించలేదు. పెళ్లి వద్దని మామే అంటాడని ఎదురుచూశాను. పెద్దవాళ్లందరూ కూర్చుని తాంబూలాల మాట ఎత్తారు. మాటవరసకు నాయన, “ఏమప్పా, నీకు సమ్మతమేనా?” అన్నాడు. మామ నేల చూస్తూ, “మీరెట్లంటే అట్ల బావా” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన భయానికి నా బతుకు బలి కావాలా? “నాకు మామ వద్దు” అనేశాను. అమ్మ నా చెంప పగలగొట్టింది. అవ్వ శాపనార్థాలు పెట్టింది. నాకు ఎవడో ఉన్నాడని తేల్చేశారు. నేను కాదనలేదు, కాదంటే అసలు సంగతి చెప్పాల్సి వస్తుంది. మామ తలెత్తలేదు.

గండం గడిచిందనుకున్నాను, నా పిచ్చిగానీ! నెల తిరక్కుండానే అమ్మ మడకశిర దగ్గర మామకు ఇంకో పిల్లను చూసొచ్చింది. “బంగారట్లాంటి పిల్ల. నోట్లో నాలుకే లేదు. శుక్రవారం అందరమూ పోయి పూలు పెట్టొస్తాము, నువ్వూ రావల్ల” అంది. ఆ పిల్లకు ఎవరు చెప్తారు? నేను తప్పుకున్నందుకు ఆమె ఇరుక్కోబోతోంది. ఆమె మొహం కూడా నాకు తెలీదు, అయినా పడుకుంటే ఆమే గుర్తొచ్చేది.

శుక్రవారం నాయన, అవ్వ ముందే వెళ్లి కారులో కూర్చున్నారు. లోపల అమ్మ పూలబుట్ట సర్దుతోంది. నడవలో మామ తెల్లచొక్కాకు గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. నేను దగ్గరికెళ్లాను.

“మామా, ఈ తూరి నేను చెప్పేకి లేదు. నువ్వే చెప్పల్ల.”

“చెప్తే నన్ను ఇంట్లో ఉండనిస్తారా పిల్లా?”

“తెలీదు” అన్నాను. నిజంగానే తెలీదు. “నన్ను కొట్టినారు, తిట్టినారు, ఆడికి అయిపోయె. ఆ పిల్లను ఎవురూ కొట్టరు మామా. దినామూ నీ మొగం చూసి, నేనేం తప్పు చేసినానో అనుకుంటా బతుకుతాది.”

బయట కారు హారన్ మోగింది. అమ్మ బుట్టతో గడప దాకా వచ్చింది.

“అక్కా, పోవద్దు” అన్నాడు మామ.

“ఏమాయరా?”

మామ వీధిలో ఉన్న కారుకేసి చూశాడు. నేను వీధి తలుపు మూసి గడియ పెట్టి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. అమ్మ నన్ను చూసింది, మామను చూసింది. బుట్ట కింద పెట్టింది.

“చెప్పురా” అంది.